ఎద్దు వీపు నుంచి సైలో దాకా

మా హాస్టల్లో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒకామె, రెండేళ్ళ కింద బడులు తెరిచిన వారానికి గానీ రాలేదు. ఎందుకు ఆలస్యమైందని అడిగితే, "అన్న వడ్లల్ల మునిగిండు మేడమ్" అన్నది. మొదట నాకు అర్థం కాలేదు. నీళ్ళలో మునుగుతారు, అప్పుల్లో మునుగుతారు. వడ్లలో మునగడం ఏమిటి?

ఆ అబ్బాయి ఇంటర్ పరీక్షలు రాసి, ఫలితాలు వచ్చేలోగా నాలుగు డబ్బులు వస్తాయని ఒక రైస్ మిల్లులో కూలికి పోయాడు. వడ్లు పోసి ఉంచే పెద్ద బిన్నులో గింజ గట్టిపడి కిందికి దిగడం లేదని, పైకెక్కి కర్రతో కదిలించమన్నారట. కర్రకు కదలకపోతే వడ్ల మీదికే దిగి నిలబడ్డాడు. కింద గేటు తెరిచే ఉంది. కాళ్ళ కింది వడ్లు ఒక్కసారిగా జారాయి. కేక వేసేలోపల ఛాతీ దాకా కూరుకుపోయాడు. చేతులు పట్టి గుంజితే రాలేదు. చివరికి ఒక ముసలి హమాలీ చెప్పినట్టు గేటు మూసి, పిల్లవాడి చుట్టూ రేకులు గుచ్చి, లోపలి వడ్లు తట్టలతో తోడి బయటికి తీశారు. బతికాడు. నేను చూడబోయినప్పుడు మంచం మీద కూర్చొని నవ్వుతూ అన్నాడు: "నీళ్ళల్ల దిగినట్టే ఉంటదనుకున్న మేడమ్. నాకు ఈత వస్తది గదా."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మూడు నాలుగు వందల ఏళ్ళు ఈ దేశంలో ధాన్యాన్ని కదిలించింది మన లంబాడీలే. మన పిల్లవాడికి ధాన్యం ఎట్లా కదులుతుందో తెలియలేదు. ఈ సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని అడిగినప్పుడు నాకు రాజులూ యుద్ధాలూ గుర్తుకు రాలేదు, ఆ బిన్ను గుర్తుకొచ్చింది. నేను బి.ఇడి.లో సాంఘిక శాస్త్రం చదివినదాన్ని, ఇంజనీరును కాను. చదివి తెలుసుకున్నంత వరకు, చూసినంత వరకు చెబుతాను.

మన పెద్దలు చేసిన పనికి లదేణి అని పేరు. ఎద్దుల మీద సరుకు వేసుకొని రాజ్యాలు దాటి పోవడం. తాండా అంటే ఇప్పుడు మనకు ఇళ్ళూ, బడీ, ట్రాన్స్‌ఫార్మరూ ఉన్న ఊరు. అప్పుడు తాండా అంటే నడిచే బిడారు. పీటర్ మండీ అనే ఇంగ్లీషు వ్యాపారి 1632లో ఉత్తరాదిన ప్రయాణిస్తూ ఒక తాండాకు ఎదురుపడ్డాడు. అందులో 14,000 ఎద్దులు ఉన్నాయని, అన్నిటి మీదా ధాన్యమేనని రాసుకున్నాడు. లెక్క వేసి చూడండి. ఎద్దుకు వంద కిలోలే అనుకున్నా 1,400 టన్నులు. ఇప్పుడు ఎఫ్.సి.ఐ. బియ్యం తీసుకుపోయే గూడ్సు రైలు ఒకటి సుమారు 2,600 టన్నులు మోస్తుంది. అంటే ఇంజనూ పట్టాలూ లేకుండా సగం గూడ్సు బండికి మించిన సరుకు, ఆడా మగా పిల్లా జెల్లాతో కలిసి నడిచిపోతున్నదన్నమాట.

ఫ్రాన్సు వజ్రాల వర్తకుడు టావెర్నియే కూడా అదే శతాబ్దంలో మనవాళ్ళను చూశాడు. పది పన్నెండు వేల ఎద్దులు ఎదురొస్తే, అవన్నీ పోయేదాకా రెండు మూడు రోజులు దారి పక్కన ఆగవలసి వచ్చేదని రాశాడు. ఈ మోతగాళ్ళు నాలుగు తెగలని, ఒకరు గోధుమ వంటి ధాన్యం, ఒకరు బియ్యం, ఒకరు పప్పులు, ఒకరు ఉప్పు మాత్రమే మోస్తారని కూడా అన్నాడు. అంత కచ్చితంగా విడిపోయి ఉన్నారో లేదో నాకు అనుమానమే. కానీ ఆ మాటలో ఒక విషయం ఉంది. ఉప్పు చెమ్మ పీలుస్తుంది, పప్పుకు పురుగు పడుతుంది, బియ్యం నూక అవుతుంది. ఏ సరుకు గుణం దానిదే. దేన్ని మోస్తున్నామో తెలిసినవాడే దానికి తగిన సంచి కుడతాడు, తగిన దారి ఎంచుకుంటాడు.

మన ప్రాంతం ఆ దారుల మీదే ఉంది. గోల్కొండ నుంచి మచిలీపట్నం ఓడరేవుకు పోయే పాత బాటలో, థెవెనో అనే ఇంకొక ఫ్రెంచి యాత్రికుడు రాసుకున్న ఊళ్ళ పేర్లలో అనంతగిరి, పెనుగంచిప్రోలు కనిపిస్తాయి. అనంతగిరి మన కోదాడ పక్కదే. తీరం నుంచి ఉప్పు పైకి రావడం, ఇక్కడి నుంచి ధాన్యం, పత్తి పోవడం లదేణి చేసిన పని. హైవే మీద లారీలు చూసినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది.

ఎద్దు మీది సంచిని ఒకసారి ఇంజనీరు కళ్ళతో చూద్దాం. అది రెండు జేబుల గోనె. మధ్య భాగం ఎద్దు వీపు మీద, రెండు జేబులు చెరో పక్క. ఒక పక్క శేరు బరువు పెరిగినా మొత్తం ఒరిగిపోతుంది కాబట్టి రెండు వైపులా సమానంగా నింపాలి. మరీ బిగించి నింపితే ఎద్దు డొక్కకు రాయిలా ఒత్తుతుంది. వదులుగా నింపితే నడకలో గింజ అటూ ఇటూ కదిలి జారుతుంది. ఎంత నింపాలో చేతికి తెలియాలి. మజిలీలో బరువు దించాక ఆ గోనెలనే గోడలా పేర్చి, మధ్యలో పిల్లలనూ దూడలనూ పెట్టుకొని పడుకునేవాళ్ళని మా దాదీ చెప్పేది. పగలు బరువు, రాత్రి కోట. తాండా ముందు నడిచే ఎద్దు మీద మాత్రం బరువు వేసేవాళ్ళు కాదు. దానికి ఎర్రపట్టు కుచ్చులూ గంటలూ కట్టి, దాన్ని మొక్కేవాళ్ళు.

ఇంకొక తెలివి ఉంది. తాండా రోజుకు ఆరేడు మైళ్ళకు మించి నడిచేది కాదు. చూసినవాళ్ళు దాన్ని సోమరితనం అనుకున్నారేమో. నిజానికి ఎద్దులు దారి పొడుగునా మేస్తూ పోతే మేత ఖర్చు లేదు. మేయాలంటే మెల్లగా నడవాలి. ఇప్పటి మాటల్లో చెబితే డీజిల్ ఖర్చు లేని లారీ. బండికైతే బాట కావాలి, వాగు దగ్గర ఆగాలి. ఎద్దుకు కాలిబాట చాలు. బరువైన, చవకైన సరుకును వందల మైళ్ళు తీసుకుపోయి కూడా గిట్టుబాటు చేసుకున్నది అందుకే.

దక్కనులోకి మనవాళ్ళు మొగలు సైన్యాల వెంట వచ్చారని, భంగీ జంగీ నాయకుల వద్ద లక్షా ఎనభై వేల ఎద్దులు ఉండేవని మన పెద్దలు చెప్పుకునే కథ. ఆ అంకెను ఎవరూ లెక్క పెట్టి ఉండరు. అయితే సైన్యాలు మనల్ని నమ్ముకున్న మాట నిజం. 1803 మరాఠా యుద్ధంలో ఆర్థర్ వెల్లెస్లీ తన సైన్యానికి గింజ చేరవేయడానికి బంజారాల మీదే ఆధారపడ్డాడు. తర్వాత నెపోలియన్‌ను ఓడించిన డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ అతనే. పిల్లలకు పాఠంలో వెల్లింగ్టన్ ఉంటాడు, అతని సైన్యానికి అన్నం మోసినవాళ్ళు ఉండరు.

తర్వాతి కథ చప్పున ముగుస్తుంది. నిజాం రాజ్యంలో 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు, 1889 నాటికి బెజవాడ దాకా రైలు వచ్చింది. ఎద్దులు నెలరోజులు నడిచే దూరాన్ని రైలు ఒక్క రోజులో దాటింది. అడవులకు, బీళ్ళకు కంచెలు పడ్డాయి, మేత ఖర్చయింది. 1871 తర్వాత చాలా చోట్ల మనవాళ్ళ మీద నేరస్థ తెగల చట్టం ముద్ర కూడా పడింది. తాండాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఎద్దులు నాగలి కిందికి వచ్చాయి. మోసే విద్య మరుగున పడింది, మోసే వీపులు మాత్రం మిగిలాయి.

ఆగిన తాండాలో గింజ దాచడం నేర్చుకున్నాం. ఈ ప్రాంతమంతా సాగర్ నీళ్ళకు ముందు ఎక్కువగా జొన్న, కంది, ఆముదం పండిన నేల. జొన్నలు పాతరలో పోసేవాళ్ళు. మిట్ట మీద, గట్టి నేలలో, నీళ్ళు నిలవని చోట గొయ్యి తవ్వి, అడుగునా చుట్టూ గడ్డి పరచి, నిండాక పైన గడ్డి కప్పి మట్టితో మూసేవాళ్ళు. గాలి ఆడదు కాబట్టి పురుగు బతకదు. గింజ కూడా ఊపిరి తీసుకుంటుంది, లోపలి ప్రాణవాయువు అయిపోయి బొగ్గుపులుసు వాయువు మిగులుతుంది. పురుగును చంపే ఆ గాలే దిగిన మనిషినీ చంపుతుంది. అందుకే మా దాదీ వాళ్ళ కాలంలో పాతర తెరిచాక వెంటనే ఎవరినీ దిగనిచ్చేవాళ్ళు కాదు. కొంతసేపు గాలికి వదిలి, తాడుకు దీపం కట్టి లోపలికి దించేవాళ్ళు. దీపం ఆరితే ఆ పూట దిగేది లేదు. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో మూసి ఉన్న ట్యాంకులోకి దిగే ముందు మీటరుతో గాలిని పరీక్షించాలని, రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలని నియమం. మీటరు కొత్తది, నియమం పాతదే.

వడ్లకు గుమ్మి ఉండేది. వెదురుతో గుండ్రంగా అల్లి, పేడా మట్టీ మెత్తి, పైన గడ్డి గొడుగు. గుండ్రంగానే ఎందుకు? చదరపు గదిలో గింజ పోస్తే గోడ మధ్యలో ఉబ్బుతుంది, మూలల్లో పగులుతుంది. గుండ్రటి గోడను గింజ అన్ని వైపులా ఒకే తీరుగా నెడుతుంది, చుట్టూ ఉన్న అల్లిక ఆ నెట్టుడును లాగి పట్టుకుంటుంది. బండిచక్రానికి ఇనుప పట్టా లాగ. వెదురు గుమ్మికీ, ఉక్కు సైలోకూ సూత్రం ఒకటే.

పెద్ద కట్టడాలు కట్టిన దొరలకు కూడా గింజ సులువుగా లొంగలేదు. 1770 బెంగాల్ కరువు తర్వాత పాట్నాలో ఇంగ్లీషువాళ్ళు గోల్‌ఘర్ కట్టారు. 1786లో పూర్తయింది. 29 మీటర్ల ఎత్తు, లోపల ఒక్క స్తంభం లేదు. కూలీలు బయటి మెట్ల మీదుగా మూటలు మోసుకుపోయి పైకప్పు రంధ్రంలో పోయాలి, కింద తలుపుల నుంచి తీసుకోవాలి. ఆ తలుపులు లోపలికి తెరుచుకునేట్టు పెట్టారని చెబుతారు. లోపల నిండా గింజ ఉంటే తలుపు తెరుచుకునేది ఎట్లా? దాన్ని ఏనాడూ పూర్తిగా నింపింది లేదు. ఇప్పుడు చూడటానికి టూరిస్టులు పోతారు.

గింజను మనిషి వీపు మీద నుంచి దించింది అమెరికాలోని బఫెలో రేవు. అక్కడ ఐర్లాండ్ నుంచి వచ్చిన పేద కూలీలు ఓడల నుంచి గోధుమను వీపుల మీద మోసి దించేవాళ్ళు. 1842లో జోసెఫ్ డార్ట్ అనే వ్యాపారి, రాబర్ట్ డన్‌బర్ అనే ఇంజనీరు కలిసి ఒక బెల్టుకు వరసగా చిన్న చిన్న బకెట్లు బిగించి, ఆవిరి యంత్రంతో తిప్పి, గింజను పైకి ఎత్తి ఎత్తైన బిన్నుల్లో పోయించారు. బెల్టుకు బకెట్లు కట్టే ఉపాయం అంతకు అరవై ఏళ్ళ ముందు పిండిమిల్లు కోసం ఆలివర్ ఎవాన్స్ చేసినదే. మిర్యాలగూడ మిల్లుల్లో ఎలివేటర్ అని పిలిచే నిలువు పెట్టె మీరంతా చూసి ఉంటారు. దాని మూత తీస్తే లోపల ఆ బకెట్ల బెల్టే ఉంటుంది.

బిన్నులు ఎత్తుగా కట్టడం మొదలయ్యాక కొత్త చిక్కు వచ్చింది. ఎంత మందం గోడ కట్టాలి? నీళ్ళ ట్యాంకు లెక్కతో కట్టారు. నీళ్ళలో లోతుకు పోయేకొద్దీ ఒత్తిడి పెరుగుతూనే ఉంటుంది. 1895లో హెచ్.ఎ. జాన్సెన్ అనే జర్మన్ ఇంజనీరు నమూనా గదుల్లో గింజ పోసి, అడుగున ఎంత బరువు పడుతుందో కొలిచాడు. కొంత లోతు దాటాక, పైన ఎంత పోసినా అడుగు మీది బరువు దాదాపు పెరగడం లేదు. మరి ఆ బరువంతా ఎక్కడికి పోయింది? గింజ గోడను రాసుకుంటుంది. ఆ రాపిడితో గోడకే వేలాడుతుంది. కాబట్టి సైలో గోడ రెండు పనులు చేయాలి: పిగిలిపోకుండా చుట్టూ పట్టుకోవాలి, పైనుంచి పడే బరువుకు కుంగకుండా స్తంభంలా నిలబడాలి. ఉక్కు సైలోను దగ్గరగా చూడండి. అలలు అలలుగా వంచిన రేకు మొదటి పని చేస్తుంది. దాని మీద నిలువుగా బిగించిన పట్టీలు రెండో పనికి.

నిలకడగా ఉన్న గింజ ఒక తీరు, కదిలే గింజ మరో తీరు. గేటు తెరవగానే గోడ మీద ఒత్తిడి పెరుగుతుంది. నడుమ నుంచి కాక ఒక పక్క నుంచి తోడితే ఆ పక్క గోడ లోపలికి సొట్టపడి మొత్తం కూలే ప్రమాదం ఉంది. ఇక గింజ దిగే తీరు. గుమ్మికి అడుగున కన్నం ఉంటుంది కాబట్టి అడుగు గింజే ముందు వస్తుందని అనుకుంటాం. నేనూ అట్లాగే అనుకున్నాను. అడుగు చదునుగా ఉన్న బిన్నులో కన్నానికి సూటిగా పైన ఉన్న గింజ గరాటులా దిగిపోతుంది, పైన పోసిన కొత్త గింజ ముందు వస్తుంది. అంచుల్లోని పాత గింజ అక్కడే ఉండి ముక్కిపోతుంది. మన పిల్లవాడు నిలబడింది ఆ గరాటు మీద. ఇంకొక చిక్కు, చెమ్మ ఉన్న గింజ పైన గట్టి పొరకట్టి కింద గుల్లగా ఉండటం. చూడటానికి నేలే. కాలు పెడితే పాతరే.

అన్ని గింజలూ కలిసి దిగాలంటే బిన్ను అడుగు ఎంత ఏటవాలుగా ఉండాలి, కన్నం ఎంత పెద్దదై ఉండాలి? దీన్ని ఊహకు వదలకుండా, సరుకును పరీక్షించి లెక్క కట్టవచ్చని చూపించింది ఆండ్రూ జెనికె. వార్సాలో పుట్టి అమెరికాలో స్థిరపడి, యూటా విశ్వవిద్యాలయంలో పనిచేసి 1964లో ఆయన అచ్చు వేసిన నివేదికను ఈ రంగంలోవాళ్ళు ఇప్పటికీ వాడుతున్నారు. ఆయన మొదట కొలిచింది కట్టడాన్ని కాదు, సరుకును. గింజ గింజతో ఎంత రాసుకుంటుంది, గోడతో ఎంత రాసుకుంటుంది, ఒత్తితే ఎంత గట్టిపడుతుంది. రెండు జేబుల గోనె నింపిన మన నాయకుల చేతులు వెతికింది కూడా అదే అనుకుంటాను. వాళ్ళు కాగితం మీద పెట్టలేదు, అంతే.

ఇదంతా మనకెందుకంటే, 1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక మన ప్రాంతం మొత్తం మారిపోయింది. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వరి పొలాలయ్యాయి, వాటి వెంట మిల్లులు వచ్చాయి. మేళ్ళచెరువు, మఠంపల్లి వైపు సున్నపురాయి ఉంది కాబట్టి సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. చిలుకూరు నుంచి ఏ దిక్కుకు గంట ప్రయాణం చేసినా బిన్నో, సైలోనో, కన్వేయర్ బెల్టో కనబడుతుంది. వడ్లు ఒక తీరు, ఊక మరొక తీరు. ఊక తేలిక, కానీ ఒకదానికొకటి చిక్కుకొని కమానులా నిలిచి కిందికి రాదు. సిమెంటుకు అడుగు నుంచి గాలి ఊదితే నీళ్ళలా పారుతుంది, ఊదడం ఆపితే గట్టిపడుతుంది. బల్కర్ లారీ ట్యాంకు నుంచి సిమెంటును గాలితోనే పంపిస్తారు. వీటిని నడిపేవాళ్ళలో, కింద నిలబడి గడ్డపారతో పొడిచేవాళ్ళలో మన తాండాల పిల్లలు చాలామంది. డ్రాయింగు గీసినవాళ్ళలో ఎంతమంది?

కూలికి పోవద్దని నేను చెప్పలేను. ఇంట్లో అవసరం నాకు తెలుసు. పోతే మాత్రం, కింద గేటు మూసి, మోటారు స్విచ్చి ఆపి దానికి తాళం వేసిందాకా బిన్నులో కాలు పెట్టకండి. నడుముకు తాడు లేకుండా, పైన చూసే మనిషి లేకుండా దిగకండి. ఎవరైనా కూరుకుపోతే గుంజకండి. నడుము దాకా వడ్లలో ఉన్న మనిషిని లాగితే వడ్లు వదలవు, మనిషి కీళ్ళు వదులుతాయి. చుట్టూ అడ్డు పెట్టి లోపలి గింజ తోడాలి, ఆ ముసలి హమాలీ చేయించినట్టు. దిగనంటే రేపటి నుంచి పనికి రావద్దంటారని మీరు అనవచ్చు. అంటారు. ఆ మాట ఒక్కరికి అనడం తేలిక, పదిమంది కలిసి దిగం అంటే అంత తేలిక కాదు.

చదువుకునేవాళ్ళకు ఒక మాట. పాలిటెక్నిక్‌లో సివిల్, మెకానికల్ అంటే చాలామందికి రోడ్డు, బిల్డింగు, మోటారు బండి గుర్తొస్తాయి. సైలో, హాపర్, కన్వేయర్ డిజైన్ కూడా ఆ చదువులోదే. పంజాబ్‌లోని మోగాలో 2 లక్షల టన్నుల గోధుమను ఉక్కు సైలోల్లో, సంచి లేకుండా నిలవ చేస్తున్నారు. మన బియ్యం ఇంకా ఎక్కువగా యాభై కిలోల సంచుల్లోనే, వీపుల మీదే ఎక్కి దిగుతున్నది. పొట్టు తీసిన బియ్యం వడ్లంత మొండిది కాదు, తొందరగా చెడుతుంది, నూక అవుతుంది. దానికి సరిపోయే పద్ధతి పూర్తిగా కుదరవలసే ఉంది. అంటే పని మిగిలే ఉంది.

నా సంగతి కూడా చెప్పాలి. వార్డెన్‌గా చేరిన కొత్తలో స్టోరు రూములో చోటు చాలక బియ్యం సంచులు గోడకు ఆనించి పేర్పించాను. వానాకాలం పోయాక చూస్తే గోడ వైపు వరస మొత్తం చెమ్మ పట్టి ముక్క వాసన. పిల్లల నోటికాడి అన్నం. ఆ రోజు నుంచి కింద చెక్కలు, గోడకు రెండు అడుగుల ఎడం, ముందు వచ్చిన సంచి ముందు వాడటం. రిజిస్టరులో రాసుకునే ఈ నియమం నాకు శిక్షణలో చెప్పారు. దాని అర్థం మాత్రం ఆ వాసన పీల్చాకే తెలిసింది.

వడ్లల్లో మునిగిన అబ్బాయి చెల్లెలు ఇప్పుడు పదో తరగతి పరీక్షలు రాసింది. నిరుడు స్టడీ అవర్‌లో మేమిద్దరం ఒక పని చేశాం. బిస్కెట్లు వచ్చే పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా తీసుకొని అడుగున నడిమధ్య బొటనవేలంత రంధ్రం చేశాం. రంధ్రానికి వేలు అడ్డుపెట్టి తెల్ల బియ్యం నింపి, పైన పసుపు కలిపిన బియ్యం ఒక పొర పోశాం. వేలు తీయగానే పైన మధ్యలో గుంట పడింది. అంచుల్లో, అడుగు మూలల్లో తెల్ల బియ్యం అట్లాగే ఉండగానే పసుపు బియ్యం కిందికి వచ్చింది. పిల్లలు మళ్ళీ మళ్ళీ చేయించారు. ఒక ఆదివారం చెల్లెల్ని చూడటానికి వచ్చిన అన్న కూడా చూశాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆ పసుపు పొర మీద ఒక శనగ గింజ పెట్టి, "ఇప్పుడు ఇడువు" అన్నాడు చెల్లెలితో. శనగ గింజ ఎటు పోయిందో అందరం చూశాం.

ఆ డబ్బా ఇప్పుడు మా హాస్టల్లో లేదు. మిల్లులో తనతో పనిచేసేవాళ్ళకు చూపిస్తానని పట్టుకుపోయాడు.